ఏడో మెట్టు దగ్గర దగ్గు

గిటార్లు బాగుచేసే మేస్త్రీకి పాము చెవులని పేరు. ఆ పేరొచ్చి పాతికేళ్ళయింది, చెవులు పోయి ఐదేళ్ళయింది. పేరు మాత్రం ఇంకా పనిచేస్తోంది.

చెవులు పూర్తిగా పోలేదు. బస్సు హారన్ వినపడుతుంది. ఎదురుగా నిలబడి మాట్లాడితే వినపడుతుంది. కొడుకు ఫోన్ చేసి "నాన్నా, ఇక ఆ షాపు మూసెయ్యరాదూ" అన్నప్పుడు, అక్కర్లేకపోయినా సరే, ప్రతి అక్షరమూ వినపడుతుంది. వినపడనివి సన్నటి చప్పుళ్ళు. నీళ్ళు మరిగే చప్పుడు, వెనకగదిలోంచి వచ్చే మాట, అన్నిటికన్నా ముఖ్యంగా తీగ మెట్టుకి తగిలి జర్ర్‌మనే చప్పుడు.

గిటారు మేస్త్రీకి ఆ చివరిది వినపడకపోతే కొంప మునిగినట్టే. ఎలక్ట్రిక్ గిటారు మెడ మీద అడ్డంగా ఇరవై పైచిలుకు లోహపు మెట్లుంటాయి. తీగలు వాటికి ఎంత దగ్గరగా ఉంటే వాయించేవాడి వేళ్ళకి అంత సుఖం. మరీ దగ్గరైతే తగిలి జర్ర్‌మంటాయి. ఆ రెంటి మధ్యా వెంట్రుకవాసి చోటు పట్టుకోవడమే పని. శ్రుతి చూడడానికి మీటరుంది, దాని దీపం పచ్చబడితే చాలు. మెడ వంపు కొలవడానికి సన్నటి ఉక్కు రేకులున్నాయి. మెట్ల ఎత్తుపల్లాలు చూడడానికి చిన్న ఉక్కు బద్ద ఉంది. అన్నీ అయ్యాక జర్ర్ ఉందో లేదో మాత్రం ఎవరో ఒకరు వినాలి.

ఐదేళ్ళ కిందట ఒక బ్యాండువాడు ఒకే గిటారును మూడుసార్లు వెనక్కి తెచ్చాడు. మూడోసారి మేస్త్రీ అతనికి చిలక్కి చెప్పినట్టు చెప్పాడు, లోపం గిటారులో లేదనీ, అతని చెవుల్లో ఉందనీ. ఆ మర్నాడే మేస్త్రీ భార్య తన కుట్టుమిషన్ను వెనకగదిలోంచి షాపులోకి మార్పించింది. ఇక్కడైతే వెలుతురు బాగుంటుందంది. వెనకగదికి రెండు కిటికీలున్నాయి. షాపుకి ఉన్నది ఒక్క ట్యూబులైటు.

ఆమె ఇరుగుపొరుగు బట్టలకి కాజాలు తీస్తుంది, గుండీలు కుడుతుంది, పొడుగైన ప్యాంట్లు పొట్టి చేస్తుంది. అలా కాజా తీస్తూ కూర్చుని, మేస్త్రీ ఒక్కో తీగని ఒక్కో మెట్టు మీద నొక్కి మీటుతుంటే, ఒకచోట చిన్నగా దగ్గింది. మేస్త్రీ ఆగాడు. మళ్ళీ మీటాడు. మళ్ళీ దగ్గింది. పక్క మెట్టు మీద మీటాడు. నిశ్శబ్దం. అతను స్క్రూడ్రైవర్ తీసి ఆ తీగని ఒక పిసరు పైకి లేపాడు. ఆ గిటారు ఇక వెనక్కి రాలేదు.

అప్పట్నించీ అదే పద్ధతి. దీని గురించి ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. ఆమె దగ్గినప్పుడు అతను ఆమె వైపు చూడకూడదు. చూస్తే ఒప్పుకున్నట్టవుతుంది. వీపు తిప్పి కూర్చుని, కాస్త ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టి, "ఇక్కడేదో ఉందండీ" అంటాడు. వచ్చినవాళ్ళు ముక్కు మీద వేలేసుకుంటారు. "మేస్త్రీవి పాము చెవులే" అంటారు. కుట్టుమిషన్ టకటకా నడుస్తుంది.

ఈ ఏర్పాటుకి ముప్పు గురువారం నాడు వియ్యంకుడి రూపంలో వచ్చింది.

వియ్యంకుడు, అంటే కోడలి తండ్రి, తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్ళపాటు కొట్టుకొట్టుకీ తిరిగి కాటాలు తనిఖీ చేసి ముద్రలు వేసిన మనిషి. ఇప్పటికీ జేబులో కొలతరేకుల గుత్తి లేకుండా గడప దాటడు. రిటైరయ్యాక ఎర్రటి ఎలక్ట్రిక్ గిటారు ఒకటి సంపాదించి, ఎనిమిది నెలలుగా ఒకే పాట నేర్చుకుంటున్నాడు. ఆదివారం మనవరాలి మొదటి పుట్టినరోజు. ఆ పాట అక్కడ వాయించాలి.

"బావగారూ, మొదటి తీగ ఏడో మెట్టు దగ్గర కొంచెం గొణుగుతోంది," అంటూ వియ్యంకుడు తీగ మీటి, గిటారును కాక మేస్త్రీ మొహాన్ని చూశాడు. "మీకు వినపడుతోందా?"

వెనక దగ్గు వినిపించింది.

"వినపడకేం," అన్నాడు మేస్త్రీ.

"చెల్లెమ్మకి ఒంట్లో బాలేదా?"

"దుమ్మండీ అన్నయ్యగారూ," అందామె, సూదిలో దారం ఎక్కిస్తూ.

వియ్యంకుడు షాపంతా ఒకసారి కలయజూశాడు. దుమ్ము లేదు. "శనివారం సాయంత్రం ఐదింటికి వస్తాను. అబ్బాయి మీ షాపు సంగతి ఆదివారం అందరం ఉన్నప్పుడు తేల్చేద్దామంటున్నాడు. నన్ను కూడా అడిగాడు, మీ అభిప్రాయమేంటని. నేను చూడకుండా అభిప్రాయం చెప్పను బావగారూ. ముందు గిటారు చూస్తాను."

అంటే ఆ ఎర్ర గిటారు గొణక్కుండా వెళితే షాపు ఉంటుంది. గొణిగితే మేస్త్రీ సోమవారం నుంచీ కొడుకింట్లో టీవీ ముందు కూర్చుని, కోడలిచ్చిన టీ తాగుతూ, ఎవరేమన్నా ఊఁ కొడుతూ బతకాలి. టీ మీద అతనికి కోపం లేదు. టీవీ ముందు కూర్చోవడం మాత్రం తనవల్ల కాదనుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆ బల్ల ముందు కూర్చుంటేనే అతనికి తనంటే తనకి కాస్త గౌరవం.

శుక్రవారమంతా శుభ్రం చేయడానికే పట్టింది. పాత తీగలు విప్పితే మెట్ల పక్కన ఎనిమిది నెలల చెమట నల్లగా గట్టిపడి ఉంది. పాత టూత్‌బ్రష్షుతో గీకి, గుడ్డతో తుడిచి, చెక్కకి నూనె రాశాడు. వాల్యూమ్ గుండీ తిప్పితే యాంప్లిఫయర్‌లో బరబరమనేది, అది అతనికి కూడా వినపడింది. లోపల మట్టి వదిలించే మందు కొట్టి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పాడు. వైరు గుచ్చే చోట మర వదులైతే బిగించాడు. కొత్త తీగలు వేసి, వాటిని చేత్తో లాగి సాగదీసి, మళ్ళీ శ్రుతి చేశాడు. ఏడో మెట్టు పక్కనున్న ఎనిమిదోది ఒక పిసరు పైకి లేచి ఉందని ఉక్కు బద్ద చెప్పింది. చిన్న సుత్తితో దాన్ని కూర్చోబెట్టాడు. అసలు రోగం అదే. అక్కడితో కుదిరిపోయింది. ఆ సంగతి అతనికి తెలియదు, ఎందుకంటే భార్య ఆ సాయంత్రం ఎవరివో ప్యాంట్లు ఇచ్చిరావడానికి వెళ్ళింది. వినేవాళ్ళు లేరు. సరే, పొద్దున్న చూద్దామనుకున్నాడు.

శనివారం పొద్దున అతను బ్రష్షుతో పళ్ళు తోముకుంటుంటే వంటింట్లోంచి ఆమె ఏదో అంది.

"ఊఁ," అన్నాడు.

ఆమె ఇంకేదో అంది, ఈసారి కాస్త పొడుగ్గా.

"ఊఁ ఊఁ," అన్నాడు.

ఆ ఇంట్లో ఐదేళ్ళుగా సగం సంసారం ఈ ఊఁ మీదే నడుస్తోంది. దానివల్ల ఎవరికీ నష్టం లేదని అతని నమ్మకం. ఆడవాళ్ళు వంటింట్లోంచి చెప్పేవాటిలో ఊఁ అంటే చెల్లిపోనివి ఏముంటాయనుకునేవాడు.

తొమ్మిదింటికి బల్ల ముందు కూర్చున్నాడు. వెనక మిషన్ దగ్గర ఆమె కూర్చున్న కదలిక తెలిసింది. మొదటి తీగ, మొదటి మెట్టు. మీటాడు. నిశ్శబ్దం. రెండోది. నిశ్శబ్దం. మూడో మెట్టు దగ్గర దగ్గు.

తీగని పైకి లేపాడు. ఐదో మెట్టు దగ్గర దగ్గు. ఇంకాస్త లేపాడు. తొమ్మిదో మెట్టు దగ్గర రెండు దగ్గులు. రెండు దగ్గులనేవి ఇంతకుముందెప్పుడూ లేవు. చాలా పెద్ద జర్ర్ అయి ఉంటుందనుకున్నాడు. మెడ లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుంది, దాన్ని తాళంచెవి లాంటి దానితో పావు వంతు వదులు చేస్తే మెడ కాస్త వంగి తీగలకి చోటిస్తుంది. వదులు చేశాడు. ఆరో తీగ, మెట్టు నొక్కకుండానే మీటాడు. దగ్గు.

మెట్టు నొక్కకుండా జర్ర్‌మందంటే మెడ మొదట్లో తీగలు ఆనే ఎముక పట్టీ అరిగి ఉండాలి. అది అరిగినట్టు కనపడలేదు. అయినా ఊడదీసి, కొత్త ఎముక ముక్కని అరగదీసి, గాడులు కోసి, అతికించాడు. రెండు గంటలు పట్టింది. మీటాడు. దగ్గు.

ఉక్కు బద్ద తీసి మెట్లన్నిటి మీదా వరసగా పెట్టి చూశాడు. ఎక్కడా ఊగలేదు. మెట్లన్నీ సమంగా ఉన్నాయంటోంది బద్ద. మేస్త్రీ బద్దని పక్కన పెట్టేశాడు. ఉక్కు వంగితే వంగవచ్చు. ఈ దగ్గు ఐదేళ్ళలో ఒక్కసారి తప్పు చెప్పలేదు.

భోజనానికి ఇద్దరూ విడివిడిగా లేచారు. ఆమె వెనకగదిలోకి వెళ్ళాక కూడా, అతను ఊరికే ఒకసారి మీటితే, తెర అవతల్నించి దగ్గు వచ్చింది. అంత పెద్ద దగ్గు కాబట్టి అతనికీ వినపడింది. తెర అవతలికి కూడా జర్ర్ వినపడుతోందంటే ఈ గిటారు ఎంత పాడైపోయిందో అనుకుని, అన్నం సగంలో వదిలేశాడు.

ఇక మిగిలింది ఆకురాయి. తీగలన్నీ విప్పి, చెక్కకి గీతలు పడకుండా మెట్ల మధ్య కాగితపు టేపు అంటించి, పొడుగాటి ఆకురాయితో మెట్ల తలలు అరగదీశాడు. మళ్ళీ గుండ్రంగా చేసి, నునుపు పెట్టి, తీగలు వేశాడు. ఏడో మెట్టు దగ్గర మీటాడు. దగ్గు, దగ్గు, దగ్గు. మళ్ళీ తీగలు విప్పాడు. మళ్ళీ అరగదీశాడు. చేతులు నొప్పెట్టాయి, చొక్కా అంతా ఇనుప రజను. గడియారం నాలుగు చూపిస్తోంది. తల ప్రాణం తోకకి వచ్చింది. ఆకురాయి పక్కన పెట్టి, మెడ మీది రజను బ్రష్షుతో ఊడ్చాడు. గిటారు మీద ఒక్క తీగ కూడా లేదు.

వెనక దగ్గు వినిపించింది.

మేస్త్రీ బ్రష్షు పట్టుకునే గిటారు వైపు చూశాడు. తీగల కోసం వెతికాడు. లేవు. అప్పుడు, ఐదేళ్ళలో మొదటిసారి, దగ్గు వినపడ్డాక వెనక్కి తిరిగి చూశాడు.

భార్య ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది. కళ్ళమ్మట నీళ్ళు. మెడ చుట్టూ మఫ్లరు. మిషన్ మీద వేడినీళ్ళ గ్లాసు, పక్కన తడిసి ముద్దయిన చేతిగుడ్డలు నాలుగు.

"దగ్గావు," అన్నాడు.

"అవును."

"తీగల్లేవు."

"కనపడుతూనే ఉంది."

"మరెందుకు దగ్గావు?"

"జలుబు చేసింది."

మేస్త్రీ చేతిలోని బ్రష్షు బల్ల మీద పెట్టాడు. "పొద్దుట్నించీనా?"

"నిన్నట్నించీ."

"మరి చెప్పొచ్చుగా!"

"చెప్పానుగా," అందామె. "పొద్దున్నే చెప్పాను, జలుబు చేసిందని. ఇవాళ నా దగ్గుని పట్టించుకోకండి, ఏదైనా మోగితే నేనే నోటితో చెప్తానని కూడా చెప్పాను. ఊఁ అన్నారు. ఊఁ ఊఁ అన్నారు."

ఐదేళ్ళు పెదవి దాటని మాటని ఆమె ఆ పొద్దున ఎంతో ఆలోచించుకుని దాటించింది. అది అతని చెవిన పడలేదు.

"నేను మెట్లు అరగదీస్తుంటే చూస్తూ కూర్చున్నావా?"

"నా దగ్గుకి కాదుగా అనుకున్నా. మీకే ఏదో వినపడి అరగదీస్తున్నారనుకున్నా." ఆమె ముక్కు తుడుచుకుంది. "మీకు మళ్ళీ వినపడుతోందేమోనని సంతోషించాను కూడా."

మేస్త్రీ స్టూలు ఆమె వైపుకి తిప్పుకున్నాడు. అరగదీసిన మెట్లని చూసినప్పటికన్నా ఆ మాటకి ఎక్కువ బాధ కలిగింది. చెవులు పోయినప్పుడు కూడా అంత బాధ పడలేదు.

"నాకు వినపడలేదు," అన్నాడు. "పొద్దున నువ్వు చెప్పింది. వంటింట్లోంచి చెప్పేవి ఏవీ వినపడవు."

"ఏవీ?"

"ఏవీ."

"మరి ఊఁ అంటారుగా."

"ఏదో ఒకటి అనాలిగా."

లెక్కలు సరిచూసుకుంటున్నట్టు ఆమె పెదవులు కదిలాయి.

"ఇంకా ఏమేం అడిగావు, నేను ఊఁ అన్నవి?" అన్నాడు.

"పెరట్లో పైపు కారుతోందన్నాను. ఊఁ అన్నారు."

"కారుతోందా?"

"రెండేళ్ళు కారింది. నేనే మనిషిని పిలిపించి బాగుచేయించాను. అబ్బాయి పెళ్ళికి ఆ ఆకుపచ్చ చొక్కా వద్దన్నాను. ఊఁ అన్నారు."

పెళ్ళి ఫోటోలన్నిట్లోనూ ఆ చొక్కా ఉంది.

"అక్క పోయిందని కబురొచ్చిన రోజు," అని ఆమె ఆగింది. దగ్గొచ్చింది. గ్లాసెత్తి ఒక గుక్క తాగింది. "ఆ సాయంత్రం పొయ్యి దగ్గర నిలబడి అడిగాను, రేపు నాతో వస్తారా అని. ఒక్కదాన్నీ వెళ్ళలేనన్నాను. ఊఁ అన్నారు. పొద్దున లేచి చూస్తే షాపు తలుపులు తెరుస్తున్నారు."

"నువ్వే చెప్పకుండా వెళ్ళిపోయావనుకున్నాను," అన్నాడు మేస్త్రీ. "నేను రావడం ఇష్టం లేదేమో అనుకున్నాను."

"వస్తానని మాటిచ్చి రాలేదనుకున్నాను నేను."

అక్క పోయి మూడేళ్ళు. ఆ మూడేళ్ళూ ఆమె రోజూ వచ్చి అతని వెనకే కూర్చుని దగ్గింది. ఒక్క దగ్గూ మానలేదు. మేస్త్రీకి కళ్ళు చెమర్చాయి. ఇనుప రజను పడిందని అనబోయి, ఇక అలాంటివి అనకూడదని మానుకున్నాడు.

ఐదింటికి, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా, వియ్యంకుడు వచ్చాడు. తీగల్లేని గిటారును చూశాడు. మెట్ల మీద వేలు పెట్టి రాశాడు. జేబులోంచి కొలతరేకుల గుత్తి తీసి, ఏడో మెట్టు పక్కన ఒక్కో రేకూ పెట్టి చూసి, అన్నిటికన్నా పల్చటి రేకు దగ్గర ఆగాడు.

"ఇది మెట్టు కాదు బావగారూ," అన్నాడు. "గీత."

"నాకు చెవులు వినపడవు బావగారూ," అన్నాడు మేస్త్రీ. నీళ్ళు నమలకుండా, గుటకలు మింగకుండా అన్నాడు. "సన్నటివేవీ వినపడవు. ఐదేళ్ళయింది. మోగితే మీ చెల్లెమ్మ దగ్గేది. ఇవాళ ఆవిడకి జలుబు."

వియ్యంకుడు మేస్త్రీనీ, చెల్లెమ్మనీ, నాలుగు చేతిగుడ్డల్నీ చూశాడు. ఆయన మొహంలో ఒక్క కండరం కదల్లేదు. తనిఖీలకి వెళ్ళి వెళ్ళి అలా అలవాటైపోయింది.

"గురువారం నాటిది దగ్గు కాదన్నమాట."

"కాదండీ అన్నయ్యగారూ."

"ఏడో మెట్టు దగ్గర సరిగ్గా దగ్గావమ్మా. నాకు అనుమానం వచ్చింది." రేకుల గుత్తి మడిచి జేబులో వేసుకున్నాడు. "దీనికి కొత్త మెట్లు వెయ్యాలా?"

"అన్నీ పీకి కొత్తవి వేస్తాను. రెండు వారాలు పడుతుంది. వేశాక మీ చెల్లెమ్మ విని చెప్తుంది, నోటితో. అప్పటికీ మీకు నచ్చకపోతే షాపు మూసేస్తాను. రేపటికి నా నల్ల గిటారు తీసుకెళ్ళండి."

మర్నాడు పుట్టినరోజు దగ్గర వియ్యంకుడు నల్ల గిటారు మీద ఆ ఒక్క పాటా వాయించాడు. మూడుచోట్ల తప్పాడు. అవి గిటారు తప్పులు కావని అందరికీ తెలిసింది. మనవరాలు పాట అయ్యేదాకా ఏడ్చి, అవగానే ఆపింది. కొడుకు గొంతు సవరించుకుని, "మావయ్యగారూ, నాన్న షాపు సంగతి మీరేమంటారు?" అన్నాడు.

"కాటా తప్పు చూపిస్తోందని నేను పట్టుకున్న కొట్లున్నాయి," అన్నాడు వియ్యంకుడు. "వాటి మీద కేసు రాశాను. కొట్టువాడే ఎదురొచ్చి, అయ్యా, నా కాటా తప్పు చూపిస్తోందని చెప్పినవి ముప్పై ఏళ్ళలో రెండో మూడో. వాటి మీద రాయలేదు. బాగుచేసుకోమని గడువిచ్చాను. మీ నాన్నకి రెండు వారాలు గడువుంది."

కొడుక్కి అర్థం కాలేదు. తండ్రి వైపు చూశాడు. తండ్రి ఊఁ అనలేదు. "నువ్వడిగింది వినపడింది," అన్నాడు. "మీ మావయ్య అన్నదాంట్లో చివరి మాట వినపడలేదు. ఏమన్నారు?" భార్య అతని కుడిచెవి దగ్గరికి వంగి, "రెండు వారాలు గడువు," అంది, గట్టిగా, పదిమందికీ వినపడేలా.

సోమవారం పొద్దున ఆమె లేచేసరికి షాపు తలుపులు తెరిచి లేవు. మేస్త్రీ మడతలు నలగని చొక్కా ఒకటి వేసుకుని, ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో 'ఈ రోజు సెలవు' అని రాస్తున్నాడు. ఆ షాపుకి అటువంటి అట్ట ఇంతవరకూ లేదు. బస్సులో తాగడానికి సీసాలో వేడినీళ్ళు పోసి పెట్టాడు.

"ఎక్కడికి?" అందామె.

అతను రాయడం ఆపి, లేచి, ఆమెకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "మళ్ళీ చెప్పు."

"ఎక్కడికని అడుగుతున్నా."

"మీ అక్కావాళ్ళ ఊరికి."

"అక్క లేదుగా అక్కడ."

"మీ బావ ఉన్నాడుగా. ఇల్లుందిగా."

"ఇప్పుడెందుకండీ? ఎవరు రమ్మన్నారు?"

"నువ్వే అడిగావుగా, వస్తారా అని," అన్నాడు మేస్త్రీ. "ఊఁ అన్నానుగా."